95 గోల్స్ కొట్టినా వరల్డ్ కప్ ఎందుకు అందలేదు? సునీల్ ఛెత్రి కెరీర్ వెనకున్న లెక్క

క్లుప్తంగా: సునీల్ ఛెత్రి భారత్ తరఫున 95 గోల్స్ చేశాడు. మగవాళ్ళ అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో రొనాల్డో, మెస్సీ, ఇరాన్ మాజీ స్ట్రైకర్ అలీ దాయీ, ఆ తర్వాత ఇతనే. భారత జట్టు మాత్రం అతను ఆడినన్నాళ్ళూ వందో ర్యాంకు చుట్టూనో, దానికి బాగా కిందో తిరిగింది. గోల్స్ ఒక మనిషి ఖాతాలో పడతాయి, ర్యాంకు జట్టు ఎవరి మీద గెలిచిందన్నదాన్ని బట్టి వస్తుంది. ఛెత్రి వెనక ఇంకో స్ట్రైకర్ తయారవకపోవడానికి క్లబ్బుల తీరు ఒక కారణం, ఆట మొదలవ్వాల్సిన ఊళ్ళ తీరు ఇంకో కారణం. 40 ఏళ్ళ వయసులో అతన్ని మళ్ళీ పిలవాల్సి రావడం అందుకే.

అమలాపురంలోనో భీమవరంలోనో టీ కొట్టు దగ్గర ఫుట్‌బాల్ మాట వస్తే ముందు మెస్సీ, రొనాల్డోల గొడవ నడుస్తుంది. అది కాస్త చల్లబడ్డాక ఎవరో ఒకరు ఛెత్రి పేరు తీస్తారు, వెంటనే పక్కనుంచి ప్రశ్న పడుతుంది: "అంతలా కొట్టేవోడు ఉన్నప్పుడు మనం వరల్డ్ కప్‌కి ఎందుకెళ్ళట్లేదండీ?" అడగాల్సిన ప్రశ్నే. దీనికి రెండు రెడీమేడ్ జవాబులు తిరుగుతుంటాయి. గోల్స్ అన్నీ చిన్న జట్ల మీద కొట్టినవే అని ఒకటి, ఫెడరేషన్ రాజకీయాలు అని ఇంకోటి. రెంట్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఏ ఒక్కదానితోనూ లెక్క పూర్తిగా తేలదు.

ముందు ఒక చిన్న సంగతి: తెలుగువాడేనా?

ఛెత్రి పుట్టింది 1984 ఆగస్టు 3న, సికింద్రాబాద్‌లో. అందుకే అతను రికార్డు కొట్టినప్పుడల్లా "మనోడే" అని పోస్టులు వస్తాయి. తండ్రి ఆర్మీ ఉద్యోగి, అప్పుడు పోస్టింగ్ అక్కడ పడింది, అంతే. చదువంతా గ్యాంగ్‌టక్, డార్జిలింగ్, కోల్‌కతా, ఢిల్లీలలో సాగింది. తల్లిది నేపాల్, ఆవిడ కూడా ఫుట్‌బాల్ ఆడిన మనిషే. తెలుగు నేల మీద ఫుట్‌బాల్ గొప్పగా ఆడిన రోజులు నిజంగానే ఉన్నాయి గానీ అవి ఛెత్రివి కావు. హైదరాబాద్ కోచ్ ఎస్.ఏ. రహీమ్ చేతిలో భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చుకున్న కాలం అది. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ తరంవాడే.

క్వెట్టా నుంచి కోల్‌కతా దాకా

2005 జూన్ 12న పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఛెత్రి మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు, ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, స్కోరు 1-1. అప్పటికి జట్టులో పెద్ద పేరు భైచుంగ్ భూటియాది. ఛెత్రి వింగ్ మీద, రెండో స్ట్రైకర్‌గా, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆడుతూ ఎదిగాడు.

మలుపు 2008 ఆగస్టులో వచ్చింది. ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) పెట్టిన ఛాలెంజ్ కప్ ఫైనల్, ఎదురుగా తజికిస్తాన్. ఛెత్రి హ్యాట్రిక్, భారత్ 4-1తో గెలుపు. ఈ టోర్నీ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. కానీ అది గెలిచినందుకే భారత్‌కు 2011 ఆసియా కప్‌లో చోటు దొరికింది, 1984 తర్వాత మొదటిసారి. ఆ ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం (ఆస్ట్రేలియా 4-0, బహ్రెయిన్ 5-2, దక్షిణ కొరియా 4-1). అయినా బహ్రెయిన్ మీద ఒకటి, కొరియా మీద పెనాల్టీతో ఒకటి ఛెత్రి ఖాతాలో పడ్డాయి.

భూటియా 2011లో తప్పుకున్నాడు. 2012లో కెప్టెన్ పట్టీ ఛెత్రి చేతికి వచ్చింది. మొదటి టోర్నీ, కాఠ్మండూలో జరిగిన ఛాలెంజ్ కప్, ఘోరంగా పోయింది, మూడుకు మూడూ ఓటములే. అదే ఏడాది నెహ్రూ కప్ గెలిచాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోచ్‌లు మారారు (కూవర్మన్స్, కాన్‌స్టంటైన్, స్టిమాచ్), ఆట తీరు మారింది, ఫెడరేషన్ పెద్దలు మారారు, గోల్ మాత్రం ఎక్కువసార్లు అదే కాలి నుంచో అదే తల నుంచో వచ్చింది.

కెప్టెన్ అంటే టాస్ వేసి రిఫరీతో మాట్లాడే పని మాత్రమే అనుకుంటే ఇక్కడ సరిపోదు. 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపీని 5-0తో కొట్టిన రోజు, అందులో మూడు ఛెత్రివే, స్టేడియంలో జనం 2,569 మంది. మర్నాడు అతను ఒక వీడియో పెట్టాడు. తిట్టండి, విమర్శించండి, కానీ వచ్చి చూడండి అన్నది దాని సారాంశం. మూడు రోజుల తర్వాత కెన్యాతో మ్యాచ్‌కు టికెట్లు దొరకలేదు. జోరువాన, గ్రౌండంతా నీళ్ళు నిలిచి బంతి ఎక్కడికక్కడ ఆగిపోతోంది, పాస్ ఇస్తే సగం దూరంలో చతికిలపడుతోంది. అది అతని నూరో మ్యాచ్, రెండు గోల్స్ కొట్టాడు, 3-0. ఏ దేశంలోనైనా జనాన్ని స్టేడియంకి రప్పించే బాధ్యత ఫెడరేషన్‌ది, లీగ్‌ది. ఇక్కడ అదీ కెప్టెన్ నెత్తినే పడింది.

గోల్స్ ఎవరి మీద?

దక్షిణాసియా దేశాల టోర్నీ శాఫ్‌లో ఛెత్రి గోల్స్ 23. ఆసియా కప్ మూడు టోర్నీల్లో కలిపి 4: 2011లో రెండు, 2019లో థాయ్‌లాండ్ మీద రెండు, 2024 జనవరిలో సున్నా. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే "చిన్న జట్ల మీదే" అన్న మాటకు బలం వచ్చేస్తుంది.

అయితే దీన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. 2024లో మొదటిసారి వీడ్కోలు పలికినప్పుడు అతని లెక్క 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్, సగటు 0.62. మెస్సీ, రొనాల్డోల సగటూ ఇంచుమించు అంతే. వాళ్ళు గట్టి డిఫెన్స్‌ల మీద కొట్టారు, నిజమే. వాళ్ళకు బంతి అందించినవాళ్ళు కూడా ప్రపంచ స్థాయి ఆటగాళ్ళే. ఛెత్రికి ఎదురుగా ఉన్నవాళ్ళు ఎంత తక్కువ స్థాయో, వెనకనుంచి బంతి ఇచ్చేవాళ్ళూ దాదాపు అంతే. ఇంకా చిన్న జట్ల మీద గెలుపును తేలిగ్గా తీసిపారేసే రోజులు కూడా కావివి. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ మన మీద 2-1తో గెలిచింది, మన ఒక్క గోలూ ఛెత్రి పెనాల్టీయే, అది అతని 150వ మ్యాచ్.

2022 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్ చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. ఎనిమిది మ్యాచ్‌ల్లో భారత్ గోల్స్ ఆరు. మూడు ఛెత్రివి. ఒకటి అఫ్గాన్ గోల్‌కీపర్ తన గోల్‌లో తానే వేసుకున్నది. మిగతా దేశం మొత్తం కలిసి కొట్టినవి రెండు. ఆ ఎనిమిదిలో గెలిచిందీ ఒక్కటే: 2021 జూన్‌లో దోహాలో బంగ్లాదేశ్ మీద 2-0, 79వ నిమిషంలో ఆషిక్ కురునియన్ క్రాస్‌కు ఛెత్రి హెడర్, అదనపు సమయంలో మళ్ళీ ఛెత్రి.

ర్యాంకుకి గోల్స్ అక్కర్లేదు

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఫిఫా ర్యాంకులో గోల్స్ సంఖ్యకు విలువ లేదు. 2018 నుంచి వాడుతున్న పద్ధతిలో మూడు విషయాలు చూస్తారు: ఎదుటి జట్టు పాయింట్లు మనకన్నా ఎక్కువా తక్కువా, మ్యాచ్ ఎంత ముఖ్యమైనది, ఫలితం ఏంటి. 4-0 అయినా 1-0 అయినా గెలుపు గెలుపే. మనకన్నా కింద ఉన్న జట్టును ఓడిస్తే పాయింట్లు కొసరినట్టు వస్తాయి, డ్రా చేసుకుంటే ఉన్నవి పోతాయి. ఫ్రెండ్లీకి తక్కువ విలువ, క్వాలిఫయర్‌కు ఎక్కువ, ఆసియా కప్‌కు ఇంకా ఎక్కువ. 2023 జూన్‌లో బెంగళూరులో పాకిస్తాన్ మీద ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు, స్కోరు 4-0. దేశమంతా ఊగిపోయింది. ర్యాంకు లెక్కలో అది ఒక మామూలు గెలుపు.

2015 మార్చిలో భారత్ ర్యాంకు 173, అంతకన్నా దిగువకు ఎప్పుడూ పోలేదు. 2017 జులైకి 96కు వచ్చింది. ఆ పైకెళ్ళడంలో బెంగళూరులో కిర్గిజ్‌స్తాన్ మీద 1-0 గెలుపు ఒకటి, గోల్ ఎవరిదో చెప్పక్కర్లేదు. 2023 జులైలో మళ్ళీ 99. 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు, ఒక్క గోల్ లేదు, మూడూ ఓటమి, నెల తిరిగేసరికి 117. 2025 జులైకి 133.

ఈ ర్యాంకు మళ్ళీ తిరిగొచ్చి ఆటగాడి మెడకే చుట్టుకుంటుంది. 2009లో ఇంగ్లండ్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఛెత్రితో ఒప్పందం దాకా వచ్చింది, కానీ వర్క్ పర్మిట్ రాలేదు, కారణం భారత్ మొదటి 70 ర్యాంకుల్లో లేకపోవడం. ఆటగాడు ఎంతవాడైనా అప్పట్లో అక్కడి నిబంధన దేశం ర్యాంకు చూసేది. దేశం ర్యాంకు పెరగాలంటే బయట ఆడి నేర్చుకునేవాళ్ళు కావాలి. గుడ్డు ముందా పిల్ల ముందా. తర్వాత అమెరికాలో కాన్సాస్ సిటీ, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టు, రెండు చోట్లా నిలదొక్కుకునేంత ఆట దొరకలేదు. కెరీర్ అసలు భాగమంతా ఇండియాలోనే గడిచింది.

ముందున్నవాడికి బంతి చేరాలి కదా

స్ట్రైకర్ పరిస్థితి కాలవ చివర శివారు రైతు పరిస్థితి లాంటిది. వాడు ఎంత మంచి రైతైనా పైనుంచి నీళ్ళు దిగితేనే పంట. 2019 సెప్టెంబరులో దోహాలో అప్పటి ఆసియా ఛాంపియన్ ఖతార్‌ను భారత్ 0-0తో నిలువరించింది, ఆ రోజు ఛెత్రి జ్వరంతో ఆడలేదు, గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ కెప్టెన్. అతను లేకుండా ఓడకుండా ఉండొచ్చని తేలింది. గెలవడం అంటే గోల్ కొట్టాలి, ఆ పని చేసే ఇంకో మనిషి మాత్రం కనపడలేదు.

ఎందుకు లేడు అంటే ఎక్కువమంది వేలు చూపించేది ఇండియన్ సూపర్ లీగ్ వైపు. అక్కడ ఒక జట్టు తరఫున ఒకేసారి నలుగురు విదేశీయులు మైదానంలో ఉండొచ్చు. కోట్లు పెట్టి తెచ్చుకున్న విదేశీ ఆటగాణ్ణి ఏ క్లబ్బూ డిఫెన్స్‌లో అందరికీ వెనక నిలబెట్టి ఊరుకోదు. ఒకణ్ణి గోల్ ముందు, ఇంకొకణ్ణి వాడికి బంతి అందించే చోట పెడుతుంది. ఇక్కడి కుర్రాడు స్ట్రైకర్‌గా పెరిగినా వింగ్ మీదకు పోతాడు, లేదా బెంచీ మీద కూర్చుంటాడు. క్లబ్ లాభం దృష్ట్యా అందులో తప్పు పట్టడానికేం లేదు, కోచ్ ఉద్యోగం మూడు ఓటముల మీద ఆధారపడి ఉంటుంది మరి. దాని బిల్లు మాత్రం జాతీయ జట్టు కడుతోంది. 2024-25 లీగ్‌లో భారతీయుల్లో అందరికన్నా ఎక్కువ గోల్స్, 14, కొట్టింది నలభై ఏళ్ళ ఛెత్రే.

విదేశాల్లో పుట్టి పెరిగిన మనవాళ్ళను ఆడించొచ్చు కదా అన్న మాట కూడా తరచూ వస్తుంది. బంగ్లాదేశ్ అలాగే ఇంగ్లండ్‌లో పుట్టిన హంజా చౌధురిని తెచ్చుకుంది. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు చూపించి ఆడటానికి కుదరదు. ఉన్న పాస్‌పోర్టు వదులుకుని రావాలి. అంత తెగించేవాళ్ళు అరుదు.

గోదావరి డెల్టా నుంచి ఒక్కడైనా ఎందుకు రాలేదు?

ఆటగాళ్ళు ఎక్కడ తయారవుతారన్న ప్రశ్నకు డెల్టా మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ పిల్లల్లో సత్తా లేదనడానికి వీల్లేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రాంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో కలిసి 2023 అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, అదే నెలలో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. బ్యాడ్మింటన్‌లో ఏడాదిలో బాగా ఆడిన పది టోర్నీల పాయింట్లు కూడి ర్యాంకు ఇస్తారు. ఇద్దరు మనుషులు, ఒక ఇండోర్ కోర్టు, హైదరాబాద్‌లో ఒక గట్టి అకాడమీ, అంతే చాలు, మిగతా దేశం ఎలా ఆడుతోందన్నదాంతో నిమిత్తం లేకుండా పైకి పోవచ్చు. ఫుట్‌బాల్‌లో ఆ దారి లేదు. సాత్విక్ అంత సత్తా ఉన్న స్ట్రైకర్ ముమ్మిడివరంలో పుట్టినా, పక్కన పదిమంది, ఎదురుగా పదకొండు మంది, వారం వారం మ్యాచ్ పెట్టే లీగ్ కావాలి. గోదావరి జిల్లాల్లో ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బు గానీ, దాని కింది స్థాయి ఐ-లీగ్ క్లబ్బు గానీ లేదు.

కోనసీమను ఆంధ్రా కేరళ అనడం మనకు అలవాటు. కొబ్బరి, కాలవలు, వరి, అన్నీ ఒకేలా ఉన్న మాట నిజం. కానీ కేరళ మలబారులో కోతలయ్యాక ఖాళీ అయిన చేలల్లో, చిన్న మైదానాల్లో ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్ ఉంది. టికెట్ పెడతారు, తాత్కాలిక గ్యాలరీలు కడతారు, ఆడినవాడికి మ్యాచ్‌కి ఇంత అని చేతిలో డబ్బు పడుతుంది. పైన చెప్పిన దోహా హెడర్‌కు క్రాస్ ఇచ్చిన ఆషిక్ కురునియన్‌ది ఆ మలబారులోని మలప్పురం జిల్లాయే.

మన దగ్గర నేల దొరికే కాలమే వేరు. సార్వా (మొదటి వరి పంట) కోతలు అయ్యీ అవ్వగానే దాళ్వాకు (రెండో పంటకు) దమ్ము చేస్తారు, చేలో మళ్ళీ నీళ్ళు. దాళ్వా కోతలయ్యి, కాలవలు కట్టేశాక గానీ చేను ఆరదు, అంటే నడివేసవి. అప్పుడు వరి కొయ్యకాళ్ళు అరికాళ్ళకు గుచ్చుకుంటూ, నెర్రెలిచ్చిన మట్టిలో బంతి ఎటు ఎగురుతుందో తెలియకుండా, సాయంత్రం ఎండ తగ్గాక ఆడే గంటా గంటన్నర ఆట క్రికెట్‌కే పోతుంది. క్రికెట్‌కి మధ్యలో పిచ్చు ఒక్కటి చదును చేసుకుంటే చాలు, ఫుట్‌బాల్‌కు మొత్తం చేను చదునుగా ఉండాలి. జూన్‌లో కాలవలు వదలగానే ఆ గ్రౌండు కూడా పోతుంది. ఆక్వా చెరువులు తవ్విన చోట అదీ లేదు. సంక్రాంతికి ఊళ్ళో ప్రైజు పెట్టే ఆటలు కబడ్డీ, వాలీబాల్. వాటికి కొబ్బరితోటలో ఇంత జాగా సరిపోతుంది. డబ్బు, జాగా రెండూ ఎటు ఉంటే కుర్రాళ్ళు అటు పోతారు, ఇందులో ఇష్టాయిష్టాల కన్నా సౌకర్యం పాత్రే ఎక్కువ.

ఇది ఒక్క డెల్టా సంగతి కాదు, దేశంలో చాలా జిల్లాలది ఇదే వరస. జాతీయ జట్టు లిస్టు తీస్తే మణిపూర్, మిజోరం, కేరళ, గోవా, బెంగాల్, పంజాబ్ పేర్లే తిరుగుతుంటాయి. 140 కోట్ల దేశం అంటాం గానీ ఫుట్‌బాల్ ఆడే దేశం అందులో ఒక ముక్క మాత్రమే.

వీడ్కోలు, మళ్ళీ పిలుపు

2024 మే 16న ఛెత్రి రిటైర్మెంట్ ప్రకటించాడు. చివరి మ్యాచ్ జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో, కువైట్‌తో. అది మామూలు ఫ్రెండ్లీ కాదు, గెలిస్తే 2026 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో మొదటిసారి మూడో రౌండ్‌కు దారి తెరుచుకునే మ్యాచ్. అంత టెన్షన్ ఉన్న మ్యాచ్‌ని వీడ్కోలు సభగా మార్చడం సరైన పనేనా అన్న సందేహం అప్పుడే వచ్చింది, ఇప్పటికీ ఉంది. స్టేడియం నిండింది, 0-0తో ముగిసింది, కెప్టెన్ కన్నీళ్ళతో వెళ్ళిపోయాడు. ఐదు రోజుల తర్వాత దోహాలో ఖతార్‌తో మ్యాచ్‌లో మన ఛాంగ్టే గోల్‌తో ముందున్న భారత్, బంతి గీత దాటిపోయాక కొట్టిన గోల్‌ను రిఫరీ ఒప్పుకోవడంతో దెబ్బతిని 2-1తో ఓడింది. అన్యాయమే. కాకపోతే ఆ రౌండ్‌లో ఆరు మ్యాచ్‌లకు మన గోల్స్ మొత్తం మూడు. దోహా దాకా లెక్క లాక్కొచ్చింది ఆ గోల్స్ కరువే.

2024లో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ ఛెత్రిని వెనక్కి పిలిచాడు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0, అందులో ఛెత్రి హెడర్ ఒకటి, అదే 95వది. 16 నెలల తర్వాత గెలుపు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కానీ వారం తిరక్కుండానే అదే గ్రౌండ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. హాంకాంగ్‌లో 1-0 ఓటమి, సింగపూర్‌లో 1-1, గోవాలో అదే సింగపూర్ చేతిలో 2-1. అక్టోబరు 14తో 2027 ఆసియా కప్ ఆశ పోయింది. ఆ తర్వాత ఛెత్రి రెండోసారి తప్పుకున్నాడు, ఈసారి సభలు లేవు. 2005లో ఆడినట్టు 2025లో ఆడమంటే ఎవరి కాళ్ళైనా మొరాయిస్తాయి. అతన్ని పిలిచినందుకు కోచ్‌ని తప్పుపట్టడం తేలిక. ఆ రోజు చేతిలో ఉన్న జాబితాలో ఇంకెవరి పేరు రాయాలో చెప్పమంటే జవాబు అంత తేలిగ్గా రాదు.

ఇక ముందు దెబ్బ ఎక్కడ పడుతుంది

ఆసియా కప్‌కు వెళ్ళకపోతే ఒక టోర్నీ పోయిందని మాత్రమే అనుకుంటారు. ర్యాంకు పద్ధతిలో ఎక్కువ విలువుండే మ్యాచ్‌లు అవే కాబట్టి, ఆ మ్యాచ్‌లే లేనప్పుడు పైకి రావడానికి ఫ్రెండ్లీలే దిక్కు, వాటి విలువ తక్కువ. 2026 క్వాలిఫయర్స్‌లో ఆసియా జట్లలో మొదటి 26 ర్యాంకుల్లో ఉన్నవి నేరుగా రెండో రౌండ్‌లో మొదలుపెట్టాయి, 27 నుంచి 46 దాకా ఉన్నవి ముందు నాకౌట్ ఆడాయి. గ్రూపుల డ్రా కోసం జట్లను ర్యాంకుల వారీగా కుండల్లో (పాట్‌లలో) వేస్తారు, భారత్ అప్పుడు రెండో కుండలో ఉంది, అందుకే గ్రూపులో మనకన్నా పెద్ద ర్యాంకున్న జట్టు ఖతార్ ఒక్కటే. అదే పద్ధతి 2030కి కూడా కొనసాగితే, మూడో కుండలోకి జారిన జట్టుకి గ్రూపులో రెండు పెద్ద జట్లు తగులుతాయి, ముందుకెళ్ళేదేమో రెండే జట్లు. ఇంకా కిందకు జారితే నాకౌట్ నుంచి మొదలెట్టాలి. కువైట్, అఫ్గానిస్తాన్ ఉన్న గ్రూపునే దాటలేకపోయిన జట్టు, కనీసం 20 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ ఒక్కడూ చేతిలో లేకుండా ఆ డ్రాకు వెళ్ళాల్సి ఉంటుంది.